కుక్కవామింట దగ్గర నిలబడి

ఆదివారం పొద్దున బోధన్ దారిలో కాల్వ గట్టు మీద వంగి వంగి నడుస్తుంటే ఓ పెద్దాయన ఆగాడు. "ఏం పోగొట్టుకున్నరు సారూ, దేవులాడుతున్నరు?"

నేను దేవులాడేది సైకీని. చిన్న తెల్ల సీతాకోకచిలుక, ముందు రెక్క మీద ఒక్క నల్లచుక్క. నేలకు జానెడెత్తున, గడ్డి నీడల్లో, చిరిగిన కాగితం ముక్క గాలికి పడుతూ లేస్తూ పోతున్నట్టు ఎగురుతుంది. వాలదు. వాలిందనుకునేలోపు మళ్లీ లేస్తుంది. గ్రీకులో సైకీ అంటే ఆత్మ, సీతాకోకచిలుక కూడా. 1793లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ దీనికి నీనా అని పేరు పెట్టాడు.

మొదటి రెండేళ్లు కెమెరా పట్టుకుని దాని వెంట పడ్డాను. దొరికినవన్నీ గడ్డి ఫొటోలే. తర్వాతే బుద్ధొచ్చింది: వెంటపడటం కాదు, అది వచ్చే మొక్క దగ్గర నిలబడాలి.

ఆ మొక్క కుక్కవామింట. పసుప్పచ్చ పూలు, వేళ్లకంటుకునే జిగురు, నిక్కి నిలబడే సన్నకాయలు. కాయలో గింజలు ఆవగింజల్లాగే ఉంటాయి. ఆ మొక్కలో ఘాటూ ఆవ జాతిదే. పురుగులు దగ్గరికి రాకుండా అది దాచుకున్న మందు. కానీ ఈ తెల్లరెక్కల కుటుంబంలోని గొంగళిపురుగుల కడుపులో ఆ ఘాటు పుట్టకుండా దారి మళ్లించే ప్రోటీన్ ఉంది. అందరూ వదిలేసిన ఆకు వీటికి విస్తరి.

నిజాంసాగర్ నీళ్లు పారే ఈ నేలలో చెరకు ఏడాది పొడుగునా నిలబడి గట్టు మీద నీడ పోసేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడెటు చూసినా వరి, సోయా. పంట మారితే మారనీ. నాకు మింగుడుపడనిది గట్టుకు కూడా గడ్డిమందు కొట్టడం. కూలీలు దొరకరు, నిజమే. అయినా గట్టు మీద పంటేముంది కాపాడటానికి?

పెద్దాయనకు ఆకు తిరగేసి చూపించాను. అడుగున ఒకే ఒక్క గుడ్డు, నిలువుగా. ఆయన కళ్లు చికిలించి వంగాడు.

"వడ్లగింజ లెక్కనే ఉన్నది," అన్నాడు. "గింత సన్నగ."

కింద పెట్టిన పంపు మళ్లీ వీపుకెత్తుకున్నాడు. "జెర పక్కకు జరుగుండ్రి సారూ, మందు మీద పడ్తది."

జరిగాను.