ఊరి పేరు చెప్పే పెళ్ళిబట్టలు

ఉత్తర ఆఫ్రికాలో పెళ్ళికూతురి ముస్తాబు చూస్తే ఆమెది ఏ ఊరో తెలిసినవాళ్ళు చెప్పేయగలరు. పెళ్ళికొడుకును చూసి చెప్పడం అంత తేలిక కాదు. మొరాకో, అల్జీరియా, ట్యునీసియాలలో మగవాడి పెళ్ళిబట్టలు పొడుగాటి అంగీ, పైన కప్పుకునే బుర్నూస్, ఎర్రటోపీ, తోలుచెప్పుల చుట్టూనే తిరుగుతాయి. ఆడపిల్ల అలంకారం మాత్రం పట్టణానికో తీరు, ఒయాసిస్సుకో తీరు.

మొరాకో సరిహద్దుకు దగ్గర్లో ఉన్న అల్జీరియా పట్టణం త్లెంసెన్‌లో ఆ తీరు పేరు షెద్దా. లోపల బంగారు రంగు పట్టుగౌను, పైన జరీ కుట్టిన మఖ్మల్ కఫ్తాన్, తలమీద కొనదేరిన టోపీ. రొమ్మంతా కప్పేలా వరసలు వరసలుగా ముత్యాల దండలు. అవి అందానికి మాత్రమే కాదు, ఒంట్లోని ఆయువుపట్లను దుష్టశక్తుల నుంచి కాపాడతాయని నమ్మకం. పుట్టింట్లో చుట్టాలు, స్నేహితురాళ్ళు తమ పెళ్ళినాటి బట్టలే మళ్ళీ వేసుకుని చుట్టూ చేరతారు. చేతులకు గోరింటాకు పెడతారు. ఒక పెద్దావిడ దగ్గరుండి కఫ్తాన్ తొడుగుతుంది. వేడుక మధ్యలో బుగ్గల మీద, కింది పెదవికి దిగువన ఎరుపు, వెండి రంగుల్లో గుండ్రటి బొట్లు దిద్దుతారు. ఆ రక్షలన్నీ పూర్తయ్యాకే పెళ్ళికూతురు మేలిముసుగు తీస్తుంది. ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2012లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అదే దేశంలో తూర్పు ప్రాంతపు ఆడవాళ్ళ వేడుక దుస్తులైన గందూరా, మెలెహ్ఫాలకు ఆ గౌరవం 2024లో దక్కింది. రాజధాని అల్జీర్స్‌ది మరో దారి: జరీపని నిండిన మఖ్మల్ జాకెట్టు, కింద సల్వారు. దాన్ని కరాకో అంటారు.

మొరాకోలో పెళ్ళికూతురికి పట్టం కట్టే వస్త్రం తక్షీతా. లోపల ఒక గౌను, దానిమీద ముందువైపు తెరుచుకునే మరో గౌను, నడుముకు వెడల్పాటి పట్టీ. గుడ్డ ఎంత ఖరీదైనదైనా కుట్టుపనిని బట్టే దాని విలువ. ముందు అంచున సఫీఫా అనే అల్లిన పట్టీ, దాని వెంబడి పట్టుదారంతో ముడివేసిన చిన్నచిన్న గుండీలు వస్తాయి. పాతకాలపు పనితనంలో దర్జీ కూర్చుని సూది నడుపుతుంటే, ఎదురుగా కొంచెం దూరాన ఒక కుర్రాడు దారాలు పట్టుకుని నిలబడి, ప్రతి కుట్టుకూ వాటిని అటూ ఇటూ మారుస్తాడు. మన మగ్గం వర్క్‌లో బిగించిన గుడ్డ మీద పని నడుస్తుంది. ఇక్కడ బిగువంతా ఆ కుర్రాడి వేళ్ళలోనే ఉంటుంది. మెషీను కుట్టుకూ దీనికీ తేడా దగ్గరగా చూస్తే గానీ తెలియదు, తెలిశాక మాత్రం మెషీను పని కంటికి ఆనదు.

ఇన్ని బట్టలు కట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నెగ్గాఫా అనే వృత్తి అలా నిలిచింది. ఆమె బట్టలూ నగలూ అద్దెకిస్తుంది, తానే వచ్చి అలంకరిస్తుంది, పల్లకీలాంటి అమ్మారియా ఊరేగింపు దాకా పెళ్ళికూతురిని వదలదు. ఒక్క రాత్రిలో వధువు ఫెస్ నగరపు భారీ అలంకారంలో ఒకసారి, దక్షిణాది అమజీగ్ (బెర్బెర్) వెండి నగలతో ఒకసారి కనబడవచ్చు. కొందరు నెగ్గాఫాల పెట్టెల్లో భారతీయ అలంకారం కూడా ఉంటుంది. హిందీ సినిమాలను ఆ దేశం దశాబ్దాలుగా ఆదరించిన ఫలితం అది. సంప్రదాయవాదులు ముఖం చిట్లించినా, సొంత ఊరి బట్టల పక్కన పరాయి ఊరివి పెట్టుకోవడం ఆ వేడుకకు కొత్తేమీ కాదు. మొరాకో యూదుల వధువు గోరింటాకు రాత్రి వేసుకునే కెస్వా ఎల్ కెబీరా ఇందుకు సాక్ష్యం. మఖ్మల్ మీద బంగారు పట్టీలు కుట్టిన ఆ చుట్టుపావడా, విడిగా తొడుక్కునే చేతులు 1492లో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళ వెంట వచ్చినవి.

ఈజిప్టు పడమటి ఎడారిలోని సివా ఒయాసిస్సులో జరీ ఊసే ఉండదు. వధువు అంగీకి మెడ దగ్గర నుంచి సూర్యకిరణాల్లా కుట్టు విచ్చుకుంటుంది, మధ్యమధ్య ముత్యపుచిప్ప గుండీలు మెరుస్తాయి. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ రంగులను ఖర్జూరం పండే దశలతో పోలుస్తారు. పెళ్ళికాని పిల్ల మెడలోని వెండి బిళ్ళను పెళ్ళికి ముందు తమూసీ ఊట దగ్గర స్నానం చేసి తీసేసి, చెల్లెలికి ఇవ్వడం ఒకప్పటి ఆచారం.

మగవాళ్ళ బట్టల్లో ఆడంబరం తక్కువే, పనితనం మాత్రం తక్కువ కాదు. మొరాకో వరుడికి తెల్లటి జెల్లాబా అంగీ, బల్ఘా అనే తోలుచెప్పులు. ట్యునీసియా వరుడికి జెబ్బా అంగీ, నెత్తిన ఎర్రటి షెషియా టోపీ. 1609 తర్వాత స్పెయిన్ నుంచి వచ్చిన మొరిస్కోలు (బలవంతంగా క్రైస్తవంలోకి మార్చబడిన ముస్లిముల సంతతి) ఈ టోపీ పరిశ్రమ ట్యునిస్‌లో వేళ్ళూనుకునేలా చేశారు. ఒక్క టోపీ వెనుక పలు ఊళ్ళ పాత్ర ఉంటుంది: అరియానాలో ఆడవాళ్ళు ఉన్నితో అల్లుతారు, ఎల్ బతాన్‌లో నీళ్ళలో మర్దించి బిగిస్తారు, ఎల్ ఆలియా ముళ్ళకాయలతో నూగు లేపుతారు, జగ్వాన్‌లో రంగు వేస్తారు. అల్లినప్పుడు వదులుగా వేలాడే తెల్లసంచీ చివరికి తలకు సరిపడేంతకు కుదించుకుపోతుంది.

బుర్నూస్‌కు చేతులుండవు, తలముసుగు ఉంటుంది. ఉన్నితో నేస్తారు, అల్జీరియాలోని మెస్సాద్‌లో ఒంటెబొచ్చుతో నేసిన గోధుమరంగువి పేరుపడ్డవి. అల్జీరియాలో దీనికి వరుడి భుజాల మీదే కాక మరో పని కూడా ఉంది: కూతురు పుట్టిల్లు వదిలేటప్పుడు తండ్రి తన బుర్నూస్‌తో ఆమెను కప్పి, చేతికింద నుంచి గడప దాటిస్తాడు.

పెళ్ళయ్యాక అద్దెకు తెచ్చిన వధువు అలంకారం మర్నాడే నెగ్గాఫా పెట్టెల్లోకి తిరిగి వెళుతుంది. వరుడి జెల్లాబా, జెబ్బా మాత్రం ఇంట్లోనే ఉండి, శుక్రవారపు నమాజులకూ పండుగలకూ పనికొస్తాయి.