మోలు లెక్కల అభ్యాసము: ఒక విమర్శ

గ్రాములను మోలులుగను, మోలులను పరమాణువులుగను మార్చు లెక్కలు రసాయన శాస్త్రమునకు ఎక్కముల వంటివి. ఎన్ని చేసిన అంత మంచిదని గైడ్లు వీనిని విరివిగా ఇచ్చుచున్నవి. అభ్యాసము అవసరమే, చేతికి వేగము దానివలననే వచ్చును. కాని ఇట్టి లెక్కలలో చాలభాగము గుణకార భాగహారములనే నేర్పుచున్నవి, రసాయనమును నేర్పుట లేదు.

“32 గ్రాముల ఆమ్లజనిలో ఎన్ని మోలులు కలవు?” అను ప్రశ్ననే చూడుడు. అణువులను లెక్కించినచో జవాబు 1; పరమాణువులను లెక్కించినచో 2. దేనిని లెక్కించవలెనో ప్రశ్నలో లేదు. భాగించుట, గుణించుట మాత్రమే కంఠస్థము చేసిన విద్యార్థికి ఆ సందేహమే కలుగదు.

ఇది చిన్న సందేహము కాదు. నీటి అణువులో ఉదజని పరమాణువు ఒకటి, ఆమ్లజని పరమాణువు ఒకటి ఉండునని 1808లో డాల్టన్ తలచెను. అందువలన ఆయన లెక్కలో ఆమ్లజని పరమాణు భారము ఉండవలసిన దానిలో సగమునకు దగ్గరగా వచ్చెను. 1811లోనే అవొగాడ్రో సరియైన దారి చూపినను, 1860లో కార్ల్‌స్రూహే సభలో కానిజారో దానిని విశదపరచు వరకు రసాయనజ్ఞులు ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. అర్ధ శతాబ్దము పండితులను చిక్కుపెట్టిన విషయమును విద్యార్థిచేత ఆలోచన లేకుండ దాటించుట తగునా?

పూర్వము మోలును 12 గ్రాముల కర్బనము-12లోని పరమాణువుల సంఖ్యను బట్టి నిర్వచించెడివారు. 2019 మే 20 నుండి సరిగా 6.02214076×10²³ కణములు గల పదార్థమే ఒక మోలు. బడి లెక్కల జవాబులు దీనివలన మారవు. కాని మోలు అనగా ముందు లెక్కింపే అనియు, ఏ కణములను లెక్కించుచున్నామో చెప్పక తీరదనియు ఈ నిర్వచనము స్పష్టపరచుచున్నది.

మంచి లెక్క ఎట్లుండవలెను? కృష్ణా జిల్లా తోట్లవల్లూరులోని విద్యార్థికి చెరకు, పసుపు తోటలు ఎరుకే. యూరియా బస్తాయు ఎరుకే. బస్తా తూకము 45 కిలోలు. యూరియా అణువులో కర్బనము 1, ఆమ్లజని 1, నత్రజని 2, ఉదజని 4 పరమాణువులు కలవు, అణుభారము 60. కావున బస్తాలో 45,000ను 60తో భాగించగా 750 మోలుల యూరియా అణువులు. నత్రజని పరమాణువులు దానికి రెట్టింపు, అనగా 1,500 మోలులు. ఒక్కొక్క మోలు 14 గ్రాముల చొప్పున 21 కిలోల నత్రజని.

బస్తాపై ముద్రించినది 46 శాతము. ఆ ప్రకారము 20.7 కిలోలు. లెక్కలో వచ్చినది 46.7 శాతము. ఈ తేడా ఎందుకు? లెక్క పరిశుద్ధమైన యూరియాకు సంబంధించినది; ముద్రించినది తేమ, మలినములు కొద్దిగా ఉండు సరుకునకు ఇచ్చిన కనీసపు హామీ. ఇక్కడ జవాబును సరిచూచుకొనుటకు బస్తాయే ఆధారము. భాగించుటకు బదులు గుణించిన విద్యార్థికి 27 లక్షల మోలులు వచ్చును. నత్రజని వరకు లెక్క సాగించినచో 45 కిలోల బస్తాలో 75.6 టన్నుల నత్రజని తేలును! తప్పు తానే పట్టుకొనును.

లెక్కల సంఖ్య తగ్గినను నష్టము లేదు. ప్రతి మోలు ప్రక్కన అది అణువులదో, పరమాణువులదో వ్రాయని జవాబునకు ఉపాధ్యాయులు పూర్తి మార్కులు ఇయ్యరాదు.