అపోహలా, సందేహాలా?

కుటుంబ నియంత్రణ పోస్టర్లలో, కరపత్రాల్లో, అధికారుల ఉపన్యాసాల్లో తరచుగా కనిపించే మాట ‘అపోహ’. పెళ్ళయిన ఆడవాళ్ళు గర్భనిరోధక సాధనాలు ఎందుకు వాడటం లేదన్న ప్రశ్నకి సిద్ధంగా ఉండే జవాబు కూడా అదే. 1991లో తెలుగులో వచ్చిన స్త్రీల ఆరోగ్య పుస్తకానికి మాత్రం ‘సవాలక్ష సందేహాలు’ అని పేరు పెట్టారు. సాహిత్యం చదువుకున్న దాన్నిగా ఈ రెండు మాటల మధ్య తేడా నాకు చిన్నదనిపించదు. అపోహ అన్నామంటే ఎదుటి మనిషికి తెలియదని ముందే తీర్పు చెప్పేసినట్టు. సందేహం అన్నామంటే జవాబు చెప్పాల్సిన బాధ్యత మన మీద పడుతుంది.

ఆ తేడా ఎంతటిదో పటాన్‌చెరు చరిత్ర చెబుతుంది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నెట్-ఎన్ అనే ఇంజక్షన్ కోసం ఆడవాళ్ళను పోగుచేశారు. రెండు నెలలకొకసారి వేసే ఈ హార్మోన్ మందు మీద భారత వైద్య పరిశోధనా మండలి అప్పటికి పరీక్షలు జరుపుతోంది. నెలసరి క్రమం తప్పవచ్చని, మానేశాక గర్భం నిలవడం ఆలస్యం కావచ్చని, అసలు తమ మీద జరుగుతున్నది ప్రయోగమని ఆ స్త్రీలకి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన ఈ సంగతి బయటపెట్టింది. 1986లో ఢిల్లీలోని సహేలీ తదితర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కేసు 2000 దాకా నడిచింది.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులతో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది కూడా 1986లోనే. ఆ పుస్తకం మన విశ్వవిద్యాలయాల్లో చర్చకి వచ్చినంతగా పటాన్‌చెరు రాలేదు. నా దృష్టిలో రెండూ ఒకే పని. ఎవరి గురించి నిర్ణయాలు జరుగుతున్నాయో వాళ్ళనే అడగాలన్న పట్టుదల రెండింటిలోనూ ఉంది.

ఇప్పుడు అదే పారిశ్రామిక ప్రాంతం సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఇస్నాపూర్‌లో అద్దె గదిలో ఉంటూ కాంట్రాక్టు పనికి వెళ్ళే ఒకామె నన్నడిగింది: “ఆపరేషనయితే ఎన్నొద్దులు పనికి పోవద్దు మేడం? అన్నొద్దులు పోకుంటే మల్ల పెట్టుకుంటరా?” ప్రభుత్వం ఇచ్చే పరిహారం కొన్ని రోజుల కూలికి సరిపోవచ్చు, పోయిన పనిని తిరిగి తేలేదు. మీ ఆయన చేయించుకోవచ్చు కదా అంటే, “ఆయన బరువులెత్తాలె గదా” అంది. తను ఎత్తే బరువుల మాట ఆమెకి గుర్తు రాలేదు. మగవాళ్ళ అపోహ విషయానికొస్తే వ్యవస్థ దాంతో పోట్లాడదు, దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి అరవై మందికి పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. వేసెక్టమీ నూటికి ఐదుకి కూడా చేరలేదు.

భయాన్ని కూడా అపోహల జాబితాలోనే వేస్తారు. హైదరాబాద్‌కి అవతలి వైపున్న ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న ఒక్క శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. శిబిరాల పద్ధతి మూడేళ్ళలో ఆపాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఇది తెలిసిన స్త్రీ భయపడితే ఆమెకి కావలసింది ‘అవగాహన సదస్సు’ కాదు.

ఇక్కడ మన ఉద్యమం కూడా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ ఇంజక్షన్ 2017లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. భర్తకీ అత్తకీ తెలియకుండా వాడుకోవచ్చు కాబట్టి దాన్ని కోరుకునే స్త్రీలున్నారు. పాత పోరాటం గుర్తుచేసి వాళ్ళని వద్దనే హక్కు మనకి లేదు. వేసే ముందు ఏం చెబుతున్నారు, ఏ భాషలో చెబుతున్నారు అని అడిగే హక్కు ఉంది. పాశమైలారం గదుల్లో ఇవాళ హిందీ, ఒడియా మాట్లాడే ఆడవాళ్ళున్నారు. ‘సవాలక్ష సందేహాలు’ వాళ్ళకి అందదు.

సాహిత్యం మాటేమిటి? కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’తో ప్రసవ వేదన మన కవిత్వంలో నిలిచిపోయింది. ప్రసవం గురించి చదివినంతగా ఆపరేషన్ గురించి నేను చదవలేదు. పత్రికలు దాన్ని ‘కు.ని.’ అని రెండక్షరాలకి కుదించాయి. ఊళ్ళో అయితే ‘ఆపరేషన్’ అంటే చాలు, ఏ ఆపరేషనో చెప్పక్కర్లేదు. ఇన్ని లక్షల మంది శరీరాల మీద జరిగిన పనికి మన భాషలో అనుభవం చెప్పే మాట ఇంకా తయారు కాలేదు. రచయిత్రులు రాయడానికీ, మాలాంటి పరిశోధకులు వినడానికీ పని ఇక్కడుంది. అయితే అపోహ అన్న మాట పక్కన పెట్టి మొదలుపెట్టాలి.