చిల్లిగవ్వ: అల్పార్థకపద విమర్శనము

వాడరేవు నిసుకలో నడచువానికి గవ్వ దుర్లభవస్తువు గాదు. తీరమున నూరక దొరకునది గావుననే గవ్వ యను మాట యల్పార్థమును బొందెనని తలచుట సులభము. ఆ యూహ సరసమేగాని ప్రమాణమునకు నిలువదు.

నాణెముగా జెల్లిన గవ్వ యీ తీరమున నేరుకొన్నది గాదు. ప్రధానముగా మాలదీవులనుండి యోడలపై వచ్చినది. వంగోత్కళములలో నది పందొమ్మిదవ శతాబ్దము వఱకును జెల్లెను. 1817లో నుత్కళమున బుట్టిన పాయికుల తిరుగుబాటునకు, గవ్వలకు మాఱుగా వెండి రూపాయలలో శిస్తు గోరుటయు నొక కారణము. కావున "గవ్వకు గొఱగాడు" అనుటలోని నింద కడలినుండి గాక యంగడినుండి పుట్టినదనుట యుక్తము. నాణెములలో నల్పమైనది గవ్వ. దానికిని జిల్లిపడెనేని యల్పత్వమునకు మేర లేదు. ఇచట "చిల్లి" వర్ణనము గాదు, తూనిక.

దమ్మిడియు నిట్టిదే. రూపాయకు 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు. అనగా నది రూపాయలో 192వ పాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశనాణెములు వచ్చిన పిదప దమ్మిడీ మాసెను. "దమ్మిడీ యాదాయము లేదు" అను పలుకుబడి మాత్రము మాయలేదు. మఱియొక విశేషము: ఇట్టి మాటలు ప్రాయికముగా లేమితోడనే కూడును. "చేత జిల్లిగవ్వ లేదు" అందురు. "చిల్లిగవ్వ యున్నది" అనరు.

ఆంగ్లమునను నిట్టి పదములు గలవు. ఫార్దింగు పెన్నీలో నాలుగవ పాలు. 1960 తుదితో దాని చెలామణి ముగిసెను. రాప్ అనునది పదునెనిమిదవ శతాబ్దమున ఐర్లండులో నరపెన్నీగా జెల్లిన దొంగనాణెము. పనికిమాలిన తళుకువస్తువులను దెలుపు ట్రంపరీ శబ్దము, మోసగించుట యను నర్థముగల ఫ్రెంచి ధాతువునుండి వచ్చినది. ఈ రెండింట నింద కపటముపై నున్నది. చిల్లిగవ్వ కపటవస్తువు గాదు, నిజమైనదే, చెడినది. కావున రాప్‌నకు జిల్లిగవ్వను బర్యాయముగా నిచ్చినచో విలువ సరిపోవును, భావము తప్పును.

1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు వ్యవహారమునకును దావొసగెను. 1885 నాటి శబ్దరత్నాకరము కావ్యప్రయోగమును బ్రధానముగా గొన్నది. అంగడిమాటలకు గావ్యసాక్ష్య మరుదు గావున, రెండవ మార్గమొక్కటియే చాలదు. గవ్వ యనగా శంఖజాతిప్రాణి చిప్ప యని చెప్పి విడిచిన పాఠమున విద్యార్థికి వస్తువు దెలియును, మాట దెలియదు. అది యెచట జెల్లినది, యెంతకు జెల్లినది, యే క్రియతో గూడునది యను మూడును జెప్పినప్పుడే యర్థము పూర్ణమగును. అల్పవస్తువును దెలుపు పద మల్పపదము గాదు.