రాజనీతిశాస్త్ర బోధన: పరిభాషలో రాచరికపు ఛాయలు

డిగ్రీ స్థాయిలో రాజనీతిశాస్త్రాన్ని తెలుగు మాధ్యమంలో అభ్యసించే విద్యార్థులు ప్రజాస్వామ్యాన్ని రాచరికపు పదజాలంతోనే నేర్చుకుంటున్నారు. శాస్త్రనామంలోనే ‘రాజు’ ఉన్నాడు. ‘ప్రభుత్వం’లో ప్రభువు, ‘సార్వభౌమాధికారం’లో చక్రవర్తి కనిపిస్తారు. సంస్కృతంలో ‘ప్రజ’ అంటే సంతానమనే అర్థం కూడా ఉంది. పాలకుణ్ణి తండ్రిగా భావించే దృష్టికి అది అనుకూలించింది.

అయితే ఈ పరిభాషను లోపభూయిష్ఠమని తోసిపుచ్చడం సమంజసం కాదు. భారత రాజ్యాంగంలోని 1వ, 12వ అధికరణాలు రెండింటిలోనూ ఆంగ్లంలో ‘స్టేట్’ అనే పదమే ఉంది. మొదటిది దేశంలోని రాష్ట్రాలను సూచిస్తుంది. రెండవది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను, చట్టసభలను, స్థానిక సంస్థలను కలుపుకొని చెబుతుంది. ఆంగ్ల పాఠకుడు సందర్భాన్నిబట్టి గ్రహించవలసిన ఈ భేదాన్ని తెలుగు ‘రాష్ట్రం’, ‘రాజ్యం’ అనే రెండు పదాలతో స్పష్టం చేస్తుంది.

కాని ‘రాజ్యం’ అనగానే కోటలు, సింహాసనాలు స్ఫురించే విద్యార్థికి, 12వ అధికరణం ప్రకారం తన గ్రామ పంచాయతీ కూడా ‘రాజ్యమే’నని తోచదు. ప్రాథమిక హక్కులను ఎవరి ఎదుట నిలబెట్టుకోవాలో తెలియడానికి ఈ అవగాహన అత్యవసరం. కనుక పదాలను మార్చడం కన్నా వాటి అర్థపరిణామాన్ని పాఠంలో భాగం చేయడం ముఖ్యం. నిర్వచనాలు కంఠస్థం చేయించే బోధన ఆ పని చేయలేదు. ఇక్కడ రాజనీతిశాస్త్ర అధ్యాపకులకు తెలుగు అధ్యాపకుల తోడ్పాటు అవసరం.