పుట్టుమచ్చ నుంచి ముఖం దాకా

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. మా మీద వేసిన గుర్తు గురించి మేమే మాట్లాడాం. 1998లో ‘జల్‌జలా’ దాన్ని పదిమంది గొంతు చేసింది. మమ్మల్ని ఎవరు నిర్వచిస్తారన్నది అప్పటి ప్రశ్న. మా ముఖం ఎవరి దగ్గరుందన్నది ఇప్పటి ప్రశ్న.

2021 మేలో హైదరాబాద్ పోలీసులు ఎస్.క్యూ. మసూద్‌ని ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు. అయినా ఫొటో తీసుకున్నారు. ముఖాల్ని గుర్తుపట్టే యంత్రాల మీద ఆయన హైకోర్టుకెక్కారు. 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ యాప్ ముస్లిం స్త్రీల ఫొటోలను వేలానికి పెట్టింది. వాళ్లలో హైదరాబాద్ ఉద్యమకారిణి ఖాలిదా పర్వీన్ ఉన్నారు.

పర్దా ఆమె ఇష్టమని వాదించాం. ఫొటో కూడా ఆమె ఇష్టమేనని అంత గట్టిగా అనలేదు. ఇది మా మీద మేం చేసుకుంటున్న విమర్శ.

పెనుకొండ బాబయ్య ఉరుసు ఫొటోలు, హిందూపురంలో రాసుకున్న కవితలు అన్నీ గూగుల్ డ్రైవ్‌లో దాస్తున్నాం. అది బాడుగిల్లు. పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టుకుని, నెక్స్‌ట్‌క్లౌడ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నలుగురం పంచుకోవచ్చు. తాళంచెవి మా చేతిలో ఉంటుంది. వీధి కెమెరాను అది ఆపదు. బజారుకెక్కిన ఫొటోను వెనక్కి తేదు. అందుకు చట్టం కావాలి, పోరాటం కావాలి. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది.

ఉనికి గురించి రాసే మేం, ఆ రాతలు ఎవరింట్లో ఉన్నాయో కూడా అడగాలి.