బండ కదిలితే చాలదు

మల్దకల్ తిమ్మప్ప జాతరలోనో, అయిజ తిక్కవీరేశ్వరస్వామి ఉత్సవాల్లోనో బండలాగుడు పోటీకి ఎడ్ల జతను బరిలోకి వదిలే ముందు ఓ పెద్దమనిషి ఎద్దు కింది పెదవిని బొటనవేలితో వంచి పళ్లు చూస్తాడు. పశువుకు పైదవడలో ముందుపళ్లుండవు. లెక్కంతా కింది వరసలోనే. సన్నగా, చిన్నగా ఉంటే పాలపళ్లు. నడిమి రెండూ ఊడి వెడల్పాటివి వస్తే రెండుపళ్ల జత, అంటే రెండేళ్లు నిండినట్టే. తర్వాత నాలుగు, ఆరు. ఎనిమిదీ వచ్చాక సీనియర్లు. ఎద్దు నోరే ఇక్కడ వయసు ధ్రువపత్రం. దాన్నిబట్టే బండ బరువు. పాలపళ్ల కోడెలకు తేలిక బండ, సీనియర్లకు టన్ను దాటినది.

జాతరంటే ఎడ్ల పోటీ ఒక్కటే కాదు. ఏథెన్స్‌లో 1908లో పుట్టిన పానథినాయికోస్, పిరేయస్ రేవులో 1925లో మొదలైన ఒలింపియాకోస్ అనే గ్రీకు క్లబ్బులు ఒకే జెండా కింద ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆడిస్తాయి. గద్వాల నడిగడ్డలో, అటు వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో అలా పలు ఆటలను ఒకచోట చేర్చే పని జాతర కమిటీలది. ఓ పక్క కబడ్డీ, ఓ పక్క కుస్తీ, ఇంకో పక్క రాతిగుండు ఎత్తడం. గుండెత్తడం పల్లెటూరి సరదా అని తీసిపారేసేవాళ్లకు ఒక మాట: ఒలింపియాలో దొరికిన 143 కిలోల రాతి మీద, బైబన్ అనేవాడు తనను ఒంటిచేత్తో తలపైకెత్తాడని చెక్కి ఉంది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటిది. నమ్మడం, మానడం మీ ఇష్టం.

జనం విరగబడేది మాత్రం బండలాగుడుకే. కొత్తగా చూసేవాళ్లు బలమే గెలుస్తుందనుకుంటారు. కాదు, జత గెలుస్తుంది. కాడికి రెండు వైపులా ఎత్తు, అడుగు, తొందర ఒకేలా ఉండాలి. ఒకటి ముందుకు దూకి మరొకటి వెనకబడితే కాడి ఏటవాలుగా తిరిగి లాగుడంతా ఒక మెడ మీదే పడుతుంది. బండ పక్కకు జారుతుంది, గీత దాటుతుంది. అందుకే మంచి కోడె దొరికిన రైతు దానికి జోడీ కోసం ఊళ్లూ సంతలూ తిరుగుతాడు. దొరికాక కూడా తేలిక బండతో మొదలుపెట్టి, నెలల తరబడి రెండింటినీ ఒకే నడకకు తెస్తాడు.

రెండో కిటుకు ఆగకపోవడం. నేలకు అతుక్కున్న బండను కదిలించడానికి పట్టే శక్తి, కదిలే బండను లాగడానికి అక్కర్లేదు. గడువు ముగిసేసరికి లాగిన దూరమే లెక్క, అడుగులూ అంగుళాలతో సహా. కాబట్టి ఆగిన ప్రతిసారీ సమయమూ పోతుంది, దమ్మూ పోతుంది. ఇక బరి చివర మలుపు. అక్కడ లోపలివైపు ఎద్దు అడుగు కుదించాలి, బయటిది చాచాలి. తోలేవాడి నేర్పు తేలేది ఆ పది అడుగుల్లోనే. అదిలింపు విని మళ్లే జతకు దెబ్బతో పనిలేదు.

ఈ ఆట విలువ ఎక్కడుందంటే, పశువు దగ్గరే. ట్రాక్టరు వచ్చాక నల్లరేగడిలో ఎద్దుకు దుక్కి పని తగ్గింది. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి నెల్లూరు పేరు మీద మాంసానికి పెరుగుతోంది. ఇక్కడ మాత్రం ఉలవలు, పత్తిగింజలు పెట్టి, రోజూ తోమి కడిగి, లెక్క చూసుకోకుండా దాన్ని సాకుతున్నవాళ్లలో పందెం రైతు ముందుంటాడు. బహుమతి డబ్బు మేత ఖర్చుకే చాలదు.

అలాగని చర్నాకోల దెబ్బలను, ముల్లుగర్ర పోట్లను సంప్రదాయం పేరుతో సమర్థించలేం. ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో కేంద్రం 2011 జూలైలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల పందేలను ఆపింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి; నియమాలకు లోబడి ఆడుకోవచ్చని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది.

జాతర కమిటీల పెద్దలకు మనవి: కోర్టు చెప్పేదాకా ఆగకండి. బరిలోకి కర్ర తెచ్చిన జతను అప్పటికప్పుడే పోటీ నుంచి తప్పించండి. పళ్లు చూసే పెద్దమనిషి పక్కనే ఒక పశువైద్యుణ్ణీ కూర్చోబెట్టండి.